ఉతకడం రానివాడి సముద్రం

ఉతకడం రానివాడు ఉప్పునీటి చేపలు పెంచకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకాన్ని కాను, అది వేరే సంగతి. చేపలు పెంచడమంటే రెండు పూటలా మేత వెయ్యడం, సాయంత్రం లైటు వేసుకుని ఎదురుగా కుర్చీలో చేరబడి చూడడం అనుకున్నాను. ఆ నాలుగడుగుల గాజుతొట్టి కింద, చెక్క బీరువా తలుపు వెనక, చేతికి జిగురంటుకునే ఒక గుడ్డసంచీ వేలాడుతూ ఉంటుందనీ, నా సంసారంలో సగం తగాదాలకు అదే మూలమవుతుందనీ అనుకోలేదు.

దాన్ని ఫిల్టర్ సాక్ అంటారు. పై తొట్టిలో నీళ్ళు ఒక మూల పళ్ళున్న అంచు మీదుగా పొర్లి, గొట్టంలో దిగి, కింద బీరువాలో ఉన్న రెండో తొట్టిలో పడతాయి. ఆ కింది తొట్టి సంప్. నీళ్ళు పడే చోట ప్లాస్టిక్ రింగు ఒకటి, దానికి కుట్టిన పొడవాటి సంచీ ఒకటి. అదే సాక్. రింగు 4 అంగుళాలదీ దొరుకుతుంది, 7 అంగుళాలదీ దొరుకుతుంది, నాది పెద్దది. గుడ్డలోనూ రెండు రకాలు: దళసరి పాలిస్టర్ ఫెల్ట్, పలచటి నైలాన్ జాలీ. ఎంత సన్నటి నలుసుని ఆపగలదో మైక్రాన్లలో చెబుతారు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మామూలుగా అందరూ 200 మైక్రాన్లది వాడతారు, కాస్త పట్టుదల ఉన్నవాళ్ళు 100 వాడతారు. అందులోంచి వడకట్టుకుని వచ్చిన నీళ్ళు, మురికిని నురగగా తీసే స్కిమ్మర్ ఉన్న అరలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి పంపు తోస్తే మళ్ళీ పైకెక్కుతాయి. గంటకు రెండు వేల లీటర్ల పైన తిరుగుతాయి. రాత్రీ పగలూ ఇదే తిరుగుడు.

మాది విశాఖపట్నం. బాల్కనీలో నిలబడి మెడ చాపితే సముద్రం ఓ చారెడు కనిపిస్తుంది. ఈ ఊళ్ళో ఉండి ఉప్పునీళ్ళు ఇంట్లో పెట్టుకోవడమేమిటని అడగని చుట్టం లేడు. "బీచికెళ్ళి నాలుగు బిందెలు పట్టుకొచ్చీరాదేట్రా" అని అమ్మ మొదట్లోనే అంది. నేనూ అదే లెక్కలో ఉన్నాను. కానీ తొట్టిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఎప్పుడూ నిలకడగా ఉండాలి. వానలు వెనకబట్టాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది దింపేసిన మంచినీళ్ళు బంగాళాఖాతం పైపొరను పలచన చేస్తాయి. ఆ పలచటి నీళ్ళు తీరం వెంబడే దక్షిణానికి జారుకుంటూ వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మన ఒడ్డున ఉప్పు బాగా పడిపోతుంది. ఇక హార్బరు దగ్గరి నీళ్ళ మాట చెప్పనే అక్కర్లేదు. అందుకని సముద్రం పక్కనే కూర్చుని డబ్బాలో వచ్చే ఉప్పు కొని, ఆర్‌ఓ నీళ్ళలో కలుపుకుంటున్నాను. ఇది నా తెలివితక్కువ కాదు, శాస్త్రమే. అలాంటివి ఈ కథలో తక్కువ కాబట్టి ముందే చెప్పేశాను.

పగడాలు మాత్రం లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో వాటిని చేర్చారు. పులి ఏ షెడ్యూలులో ఉందో పగడమూ అందులోనే ఉంది. కాబట్టి నా సముద్రంలో ఎండు బండలు, ఒక క్లౌన్ చేపల జంట, పసుపు తోక నీలి డామ్సెల్ ఒకటి, బండల సందుల్లో మూతి మాత్రం బయటపెట్టి కూర్చునే బ్లెన్నీ, ఎర్ర వీపు మీద తెల్ల గీత ఉన్న క్లీనర్ రొయ్య. ఇంతే జనాభా. ఇంత చిన్న జనాభాకు పారిశుధ్యం చూసుకోలేకపోయిన మున్సిపాలిటీని నేను.

మొదటి తప్పు బుర్రలో జరిగింది, చేతిలో కాదు. మురికి సాక్‌లో పడింది కాబట్టి నీళ్ళలోంచి పోయినట్టే అనుకున్నాను. చదువుకున్నవాణ్ణి, బ్యాంకులో లెక్కలు చూసేవాణ్ణి, ఈ చిన్న లెక్క తట్టలేదు. టీ వడగట్టి, ఆ పిప్పిని జాలీలోనే ఉంచి, దాని మీదుగానే రోజంతా నీళ్ళు పోస్తూ, కింద పడేది మంచినీళ్ళని నమ్మడం ఇది. సాక్‌లో చిక్కిన మేత ముక్క, చేపల మలం, రాలిన నాచు అన్నీ ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. గంటకు రెండు వేల లీటర్లు వాటిని కడుక్కుంటూ పోతున్నాయి. నా కంటికి కనిపించడం మానేశాయి, అంతే.

అది తెలియక నేను సాక్‌ను చూసి గర్వపడేవాణ్ణి. తెల్లగా వేలాడదీసిన సంచీ గోధుమరంగు తిరిగి, అడుగున జిగురు పేరుకుంటే, ఇంటికొచ్చినవాళ్ళకు బీరువా తలుపు తీసి మరీ చూపించేవాణ్ణి. "చూశారా, ఎంత మురికి పట్టిందో!" పాపం, వాళ్ళు కాఫీ తాగుతూ తలలూపేవారు. సాక్ ఎంత నల్లగా ఉంటే అంత బాగా పనిచేస్తోందని నా సిద్ధాంతం. మూడు నాలుగు రోజులకోసారి మార్చాలని డబ్బా మీదే ఉంది. అమ్మేవాడు ఎక్కువ సాకులు అమ్ముకోడానికి రాసుకున్నాడని తేల్చేశాను. ప్రతి సలహా వెనకా ఎవడి లాభమో ఉంటుందని కనిపెట్టగలగడం బ్యాంకు ఉద్యోగం నాకు నేర్పిన విద్య. ఆ విద్య అన్నిచోట్లా పనికిరాదు.

అప్పుడే సన్నదనం పిచ్చి కూడా పట్టింది. నీళ్ళు ఉన్నాయో లేవో తెలియకూడదు, చేపలు గాల్లో తేలుతున్నాయనిపించాలి. 200 ఆపేదానికంటే 100 ఎక్కువ ఆపుతుంది, 100 కంటే 50 ఎక్కువ ఆపుతుంది, కాబట్టి 50 ఉత్తమం. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లుంటుంది. అంతకంటే సన్నటి నలుసుని కూడా వదలనని పట్టుబట్టాను. పెట్టిన సాయంత్రం నీళ్ళు నిజంగానే మెరిశాయి. మర్నాటికి సాక్ నోటి దాకా నిండి, రింగు మీదుగా నీళ్ళు నేరుగా సంప్‌లోకి దూకుతున్నాయి. రంధ్రం ఎంత సన్నమైతే అంత తొందరగా పూడుకుంటుంది. గుడ్డ పోగుల మీద బ్యాక్టీరియా జిగురు పూత కూడా పడేసరికి నీళ్ళు దిగే దారి ఉండదు. దారి లేని నీళ్ళు పైనుంచి పోతాయి. అలా పొర్లుతున్న 50 మైక్రాన్ల సాక్ అసలు ఎన్ని మైక్రాన్ల ఫిల్టరో చెప్పండి. దాని మీదుగా రొయ్య కూడా దాటిపోగలదు. నేను మాత్రం ఆ పొర్లుడు చూసి, నీళ్ళ ప్రవాహం బలంగా ఉందని మురిసిపోయాను.

అదే రోజుల్లో చేపలకు బతికున్న మేత పెడదామనిపించింది. సీసాలో ఉప్పునీళ్ళు పోసి, గాలి గొట్టం పెట్టి, ఆర్టీమియా గుడ్లు వేస్తే ఒక రోజుకి పొదుగుతాయి. నారింజరంగు పిల్లలు, ఒక్కొక్కటీ అర మిల్లీమీటరు లోపే, కదులుతుంటే చూడముచ్చటగా ఉంటాయి. వాటిని వడకట్టి, కడిగి, తొట్టిలో పోస్తే క్లౌన్లు నాలుగు మింగాయి. మిగతావన్నీ అంచు మీదుగా పొర్లి సాక్‌లో పడ్డాయి. మేత వేసే పది నిమిషాలు పంపు ఆపాలన్న ఇంగితం నాకు అప్పటికి లేదు. ఆ గుడ్డసంచీని మేపినంత శ్రద్ధగా నేను చేపల్ని మేపలేదు.

నైట్రేట్ పరీక్ష చేస్తే గాజు గొట్టంలో నీళ్ళు పసుపు దాటి, నారింజ దాటి, ఎరుపులోకి పోయాయి. వెంటనే నేరస్థుల జాబితా తయారుచేశాను. మొదట మేత. తర్వాత ఉప్పు డబ్బా. తర్వాత ఆర్‌ఓ మెంబ్రేన్. దాన్ని మార్పించాను కూడా. నీళ్ళు మార్చడం పెంచాను. బకెట్లు మోసి మోసి నడుం పట్టేసింది. గొట్టంలో ఎరుపు మాత్రం తగ్గలేదు. చివరికి ఊళ్ళో చేపలమ్మే కుర్రాడి దగ్గరికెళ్ళి గోడు వెళ్ళబోసుకుంటే, వాడు ఒక్కటే అడిగాడు.

"సాక్ ఎప్పుడు మార్చారు సార్?"

"మార్చడమేమిటి? బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నల్లగా అయిపోయింది."

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలా మర్యాదగా, చిన్నపిల్లాడికి చెప్పే గొంతుతో, అందులో మురిగిపోయే ప్రతిదీ అమ్మోనియా అవుతుందనీ, దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుందనీ, ఇంకో రకం నైట్రేట్ చేస్తుందనీ, నైట్రేట్ దగ్గర కథ ఆగిపోయి తొట్టిలోనే పేరుకుంటుందనీ చెప్పాడు. ఫాస్ఫేట్ కూడా తోడు. నలుసు నలుసుగా ఉన్నప్పుడే సాక్‌తో బయటికి తీసి పారేస్తే ఈ గొలుసు మొదలే కాదు. చేపలు పెంచేవాళ్ళ మాటల్లో మురికి సాక్ అంటే నైట్రేట్ ఫ్యాక్టరీ. నేను నడుపుతున్నాను, మూడు షిఫ్టుల్లో.

ఇంటికొచ్చి మార్చానా? లేదు. అహం అడ్డొచ్చింది. "వాడికేం తెలుసు" అని ఇంకొన్నాళ్ళు వదిలేశాను. ఆ కొన్నాళ్ళలోనే డామ్సెల్ మాయమైంది. ఉప్పునీటి చేపలు గెంతుతాయి, అందుకని తొట్టి చుట్టూ నేల వెతికాను, సోఫా జరిపాను, ఫ్రిజ్ వెనక టార్చి వేశాను. కిటికీలో కూర్చునే పొరుగింటి పిల్లిని అనుమానించాను. క్లౌన్లలో పెద్దదాన్ని అనుమానించి, దాని పొట్ట కేసి చాలాసేపు చూశాను. ఆఖరికి విసుగొచ్చి సాక్ మారుద్దామని బీరువా తలుపు తీస్తే, డామ్సెల్ అందులో ఈదుతోంది. అంచు మీదుగా జారి గొట్టంలో పడి వచ్చింది. మా సంప్‌లో సాక్ అడుగు నీటిమట్టానికి పైనే వేలాడుతుంది; శుభ్రమైన సాక్ అయ్యుంటే నీళ్ళు ఎప్పటికప్పుడు దిగిపోయి అది పొడిగుడ్డ మీద గిలగిల్లాడేది. మూసుకుపోయిన సాక్ కాబట్టి నోటి దాకా నీళ్ళున్నాయి, పైనుంచి పడే మేత ఉంది. బతకడమే కాదు, ఒళ్ళు చేసింది. నా బద్ధకం ఒక ప్రాణాన్ని కాపాడిందని ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాను. ఇది ఇప్పటికీ నాకు దొరికిన ఏకైక వాదన.

డామ్సెల్‌ను గిన్నెతో తీసి పైన వదిలి, సాక్ ఎత్తాను. ఎంత బరువుందో! బరువు తగ్గించడానికి పిండాను. ఎక్కడ పిండాలి? చేతికింద ఏదుంటే దాని మీద. సంప్ ఉంది. అన్నాళ్ళూ గుడ్డలో దాగిన పులుసు మొత్తం ఒక్క పిండుతో సంప్‌లోకి దిగింది, పంపు దాన్ని పైకి తోసింది, అరగంటలో చేపలు కనిపించడం మానేశాయి. ముందు పంపు ఆపాలి. సాక్‌లో నీళ్ళు వాటంతటవి దిగేదాకా ఓపిక పట్టాలి. కింద బకెట్ పెట్టుకుని, పిండకుండా, నిటారుగా ఎత్తి అందులో దించాలి. ఆ పని ఇప్పుడు కళ్ళు మూసుకుని చేస్తాను. నేర్చుకోడానికి ఒక తొట్టెడు పులుసు ఖర్చయింది.

ఇక ఉతకడం. ఇక్కణ్ణుంచి నా అసలు ప్రతిభ.

మా ఆవిడ విజయనగరంలో పుట్టింటికి వెళ్ళింది. ఇల్లు ఖాళీ, వాషింగ్ మెషీన్ ఖాళీ. సాకులన్నీ అందులో వేసి, బట్టలకు వేసినట్టే సబ్బుపొడి వేశాను. వాసన పోవాలి కదా అని బట్టలు మెత్తబడడానికి, సువాసన రావడానికి పోసే ద్రవం ఉంటుందే, అదీ పోశాను. తెల్లగా, మల్లెపూల వాసనతో వచ్చాయి. అంత అందమైన సాక్ అంతకుముందు చూడలేదు. తొట్టిలో పెట్టేశాను.

స్కిమ్మర్ ఎలా పనిచేస్తుందో నాకు బాగా తెలుసు, అందులోనే ఉంది నా సిగ్గంతా. సన్నటి గాలిబుడగల్ని నీళ్ళలోకి వదిలితే, మాంసకృత్తుల వంటి మురికి అణువులు నీటికీ గాలికీ మధ్య పొరను పట్టుకుంటాయి. బుడగలతో పాటు నురగై మెడ గుండా ఎక్కి, పైనున్న కప్పులో నల్లటి కషాయంగా పడతాయి. సబ్బు అణువు చేసేదీ అదే పని, ఇంకా గట్టిగా చేస్తుంది. ఫెల్ట్ గుడ్డ పోగుల మధ్య సబ్బు ఎన్ని జాడింపులకూ పూర్తిగా వదలదు. మెత్తదనం ఇచ్చే ద్రవం సంగతి మరీ దారుణం. దాన్ని తయారుచేసిందే పోగుకు అంటుకుని ఉండిపోడానికి. ఆ సాయంత్రం కప్పు నిండింది. మూత లేచింది. తెల్లటి నురగ బీరువా తలుపు సందులోంచి హాల్లోకి వచ్చింది. నేనేం చేశాను? సంతోషించాను. శుభ్రమైన సాక్ పెట్టేసరికి స్కిమ్మర్‌కు ఎంత హుషారొచ్చిందో అనుకున్నాను.

నురగ తుడవడానికి తలుపు పూర్తిగా తెరిచాక ఇంకో వింత. పై తొట్టిలో ఊదా, నీలి ఎల్ఈడీలు వెలుగుతున్నాయి. ఆ వెలుతురు కిందికి జారి పడ్డ చోట సాక్ రింగు చుట్టూ గుడ్డ నీలంగా మెరుస్తోంది. బట్టలు తెల్లగా కనిపించడానికి సబ్బుపొడిలో ఒక రసాయనం కలుపుతారు, అది ఊదా కాంతినీ, దానికవతల కంటికి కనిపించని కాంతినీ మింగి కనిపించే నీలాన్ని వదులుతుంది. ఉతికాక కూడా గుడ్డలో మిగిలిపోవడం దాని వృత్తిధర్మం. సబ్బుపొడిలోది కొంత గుడ్డలోనే మిగిలిందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ సాక్ష్యం చూసి నేను అనుకున్నది: బాగుంది, ఒక ఫోటో తీద్దాం.

తెల్లారేసరికి చేపలు నీటి పైకొచ్చి ఆత్రంగా ఊపిరి తీస్తున్నాయి. సబ్బు మొదట దెబ్బకొట్టేది మొప్పల మీది సున్నితమైన పొరనే. సాక్ తీయడానికి వెళితే, అందులో రొయ్య. ఎర్ర చారలు, తెల్ల మీసాలు, కాళ్ళు, అన్నీ ఉన్నాయి, కదలడం లేదు. చేత్తో తీస్తే బరువే లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆవిడకు ఫోన్ చేసి, "రొయ్య పోయిందే" అన్నాను.

"ఒక్క రొయ్యతో ఏం వండుకున్నారండీ?" అందావిడ.

దాన్ని బాల్కనీలో కరివేపాకు కుండీలో పాతిపెట్టాను. సగం నీళ్ళు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ సంచీ పెట్టి, గాలి పంపు పెట్టాను. చేపలు కోలుకున్నాయి. తర్వాతోరోజు మేత వేస్తుంటే బండ వెనకనుంచి తెల్ల మీసాలు రెండు బయటికొచ్చాయి. నేను పాతిపెట్టింది చొక్కా మాత్రమే. రొయ్య పెరిగినప్పుడల్లా పాత పెంకు విడిచి, కొత్తది గట్టిపడేదాకా ఏ సందులోనో దాక్కుంటుంది. విడిచిన పెంకు తేలికగా తేలుతూ సాక్‌లోకి చేరుతుంది. ఇప్పుడు అలాంటి పెంకులు ఎన్ని ఏరానో. మొదటిదానికి మాత్రం సమాధి ఉంది.

పుట్టింటి నుంచి వచ్చిన ఆవిడ మెషీన్‌లో చీర వేసి తీసి, వాసన చూసి, నా కేసి చూసింది. ఆ మెషీన్ వైపు నేను మళ్ళీ వెళ్ళలేదు. సబ్బు లేకుండా, వాసన లేని బ్లీచ్ కొంచెం వేసి, రెండుసార్లు జాడింపు పెట్టి మెషీన్‌లో ఉతికేవాళ్ళు ఉన్నారు. అది తప్పు కాదు. కానీ ఆ మెషీన్ వాళ్ళదై ఉండాలి.

అలా బ్లీచ్ దగ్గరికొచ్చాను. మురికిని, జిగురుని, కంపుని బ్లీచ్ తినేస్తుంది. రింగు మీద, గుడ్డ మీద పేరుకునే తెల్లటి సున్నపు పెచ్చు బ్లీచ్‌కు లొంగదు. దానికి వెనిగర్ కావాలి. రెండూ నిజమే. రెండు నిజాల్నీ ఒకే బకెట్‌లో పోస్తే పని సగం సమయంలో అవుతుందన్నది నా సొంత కల్పన. ఇంటర్‌లో బ్లీచింగ్ పౌడరు మీద ఆమ్లం పడితే ఏ వాయువు వస్తుందో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. క్లోరిన్. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం గొట్టాలతో వదిలిన వాయువే. మా గిన్నెలు తోముకునే చిన్న గదిలో, కిటికీ మూసి, బకెట్ మీదికి వంగి, నేను దాన్ని నా ముఖం మీదికి నేనే వదులుకున్నాను. గొంతు మండింది, కళ్ళు మండాయి, దగ్గుతూ బయటికి పరిగెత్తాను. అమ్మ వాకిట్లోంచే, "ఏట్రా అది, ఆస్పత్రి కంపు కొడతంది" అంది. ఒక రోజంతా కిటికీలు తెరిచే ఉంచాం. ఇది నవ్వుకునే సంగతి కాదు. బ్లీచ్ ఒకనాడు, వెనిగర్ ఇంకోనాడు, మధ్యలో శుభ్రంగా కడిగి. బాత్రూం కడిగే ఆసిడ్ ఆ బకెట్ దరిదాపులకు కూడా రాకూడదు.

నైలాన్ జాలీ సాకుల్ని కూడా అదే ఉత్సాహంతో బ్లీచ్‌లో రెండు రాత్రులు వదిలేశాను. పాలిస్టర్ కొంతకాలం తట్టుకుంటుంది కానీ నైలాన్‌ను బ్లీచ్ కొరికేస్తుంది. పైకి బాగానే కనిపించిన సాక్, పెట్టిన కొన్నాళ్ళకు అడుగు కుట్టు విడిపోయి, పట్టిన సరుకంతా సంప్‌లో దించేసింది.

ఇప్పుడు ఏం చేస్తున్నానో చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే పైదంతా అక్కర్లేకపోను. తీసిన సాక్‌ను తీసినట్టే లోపలిది బయటికి తిరగేసి, బలమైన నీటిధారతో కొట్టాలి. ఎండితే జిగురు పోగుల్లో బిగుసుకుంటుంది, ఆ తర్వాత ఏం చేసినా రాదు. మా కుళాయి ధార చాలదు. కింద పార్కింగ్‌లో కారు కడిగే పైపుకు నాజిల్ ఉంది, వాచ్‌మన్ చూడనట్టు నటిస్తాడు. ఆ ధారకే ముప్పాతిక మురికి పోతుంది. తర్వాత పది వంతుల నీళ్ళకు ఒక వంతు బ్లీచ్. సువాసన, చిక్కదనం, రంగు ఏమీ కలపనిది. ఒక రాత్రి చాలు. మళ్ళీ కడిగి, చేపల దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే ద్రవం కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టాలి. అందులో ఉండేది సాధారణంగా సోడియం థయోసల్ఫేట్. పాత ఫోటో స్టూడియోల డార్క్‌రూముల్లో బొమ్మ చెరగకుండా నిలబెట్టిన హైపో ఇదే. వెండి లవణాల్ని అది కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. ఫిల్ము పోయింది, హైపో చేపల దుకాణంలో చేరి బతుకుతోంది. ఆ తర్వాత ఎండ. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాకూడదు, బ్లీచ్‌దీ కాదు, చేపదీ కాదు. కొన్ని ఉతుకుల తర్వాత ఫెల్ట్ పీచు లేస్తుంది, నీళ్ళు దిగడం నెమ్మదిస్తుంది. అప్పుడు పారెయ్యాలి. పారెయ్యడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు.

ఎండకు మేడ మీద తాడు కట్టాను. మొదట్లో సరిగ్గా ఉతకడం రాని రోజుల్లో ఆ తాడు నుంచి వచ్చిన పరిమళం మూడో అంతస్తు దాకా దిగింది. అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద "మేడ మీద ఎండుచేపలు ఆరబెట్టరాదు" అని కాగితం అంటించారు. అవి చేపలు కావు, వాటి బట్టలు అని సెక్రటరీ గారికి వివరించబోయాను. ఆయన నాకేసి చూసిన చూపులో జాలి ఉంది.

మధ్యలో ఒకసారి సాకే వద్దనుకున్నాను. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన, సముద్రపు బండలు, సముద్రపు నీళ్ళు, కాస్త గాలిబుడగలు తప్ప ఫిల్టరన్నదే లేకుండా ఉప్పునీటి తొట్టెలు నడుపుతున్నానని రాశాడు. బద్ధకానికి ఇంత గొప్ప వంశవృక్షం దొరికాక ఆగుతానా? సాక్ తీసేశాను. కొంత మంచి జరిగింది. సాక్ ఉన్నన్నాళ్ళూ అందులో చిక్కి చచ్చే కోపిపాడ్‌లు, కంటికి చుక్కలుగా కనిపించే ఆ పురుగులు, సంప్ గాజు మీద పాకడం మొదలుపెట్టాయి. అవి చేపలకు మంచి మేత. చెడూ జరిగింది. నలుసంతా సంప్ మూలల్లో బురదై దిగింది, నీళ్ళలో సన్నటి బుడగలు పై దాకా ఎక్కాయి. ఆ బురదను వారం వారం సైఫన్ గొట్టంతో లాగేవాళ్ళు సాక్ లేకుండానే హాయిగా బతుకుతున్నారు. నేను లాగలేదని వేరే చెప్పాలా? జకార్తా ఆయన బండలు బతికున్నవి, నావి ఎండువి. ఆయన పేరు వాడుకున్నాను తప్ప ఆయన పద్ధతి పాటించలేదు.

కాబట్టి రాజీ. 200 మైక్రాన్ల ఫెల్ట్, మూడు నాలుగు రోజులకు మించి ఉండదు. బండలు కదిపి బురద లేపిన రోజున మాత్రం కొన్ని గంటలు 100. ఆర్టీమియా వేసినప్పుడు పంపు ఆపు. చాలినన్ని సాకులు కొనిపెట్టుకున్నాను; ఒకటి తీస్తే ఇంకోటి సిద్ధం. నైట్రేట్ గొట్టం నారింజలోకి దిగింది. ఫోన్‌లో బుధవారం, ఆదివారం అలారం పెట్టుకున్నాను.

అయితే సాకులు ఎక్కువ కొనడంలో ఒక ఇబ్బంది ఉంది. మార్చడం సులువైంది, కాబట్టి ఉతకడం వాయిదా వెయ్యడం కూడా సులువైంది. తీసినవన్నీ మూతున్న బకెట్‌లో చేరుతున్నాయి. చేపలకు హాని లేదు, మురికి నీళ్ళలోంచి నిజంగానే బయటికొచ్చింది. ఆ బకెట్ మూత తియ్యడానికి మాత్రం గుండె ధైర్యం కావాలి.

మొన్న దుకాణం కుర్రాడు కొత్త యంత్రం చూపించాడు. సాక్ బదులు పెద్ద గుడ్డ చుట్ట ఉంటుంది. మురికి పట్టి నీటిమట్టం లేవగానే మోటారు తిరిగి, మురికి గుడ్డను ఒక పక్క చుట్టేసి, శుభ్రమైనదాన్ని ముందుకు లాగుతుంది. "ఉతికే పనే లేదు సార్." ధర వింటే క్లౌన్లు కూడా ఆలోచనలో పడతాయి. అయినా ఇంటికొచ్చి, ఉతుకు బాధ ఇక ఉండదంటూ మా ఆవిడకు చాలాసేపు చెప్పాను.

"ఆ చుట్ట అయిపోతే ఎవరు చూస్తారు?" అంది.

"అలారం మోగుతుందట."

"మీ ఫోన్‌లో మోగుతోంది చూడండి" అంది. బుధవారం.